గుండిగ వెంట సెంగ్‌కాంగ్ దాకా

మా ముత్తాత కోటిరేవు వీరభద్రరావుగారికి గోదావరి పాయ మీద పదకొండు పడవలుండేవి. మా తాత జగ్గారావుగారు ఆ పడవలకు తోడు రేవు ఒడ్డున సత్రం కూడా నడిపారు. పొద్దుగూకి అవతలికి దాటలేకపోయిన ప్రయాణికుడు ఎవరైనా సరే, అక్కడ కూర్చుని అన్నం తినేవాడు. తహసీల్దారు వచ్చినా తాతగారి కుర్చీ ముందు ఆగి, ఆయన చెయ్యి ఊపాకే పడవ ఎక్కేవాడట. మా నాన్న సుబ్బారావుగారి చిన్నతనంలో పాయ మీద వంతెన పడింది. "తాతగారే పడవలు ఆపేశారు" అని మా ఇంట్లో చెప్పుకుంటాం. వంతెన వల్ల ఆగిపోయాయని ఎవరూ అనరు. నేనూ ఎప్పుడూ అనలేదు.

నా పేరు వీరభద్రరావు, ముత్తాత పేరే. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వంశం నాదాకా వచ్చేసరికి మిగిలినవి సత్రంలో వంటకు వాడిన రెండు ఇత్తడి గుండిగలు. ఒక్కోదాన్ని ఇద్దరు మనుషులు చెరో చెవి పట్టుకుని లేపాలి. నా పదో ఏట నాన్న వాటికి బయటంతా నల్లరంగు వేయించారు, తుప్పు పట్టకుండా అని. మూడేళ్ళ కిందట మా తమ్ముడు శేషు సింగపూర్ నుంచి వచ్చి, ఒకటి తన ఫ్లాట్‌లో పెట్టుకుంటానన్నాడు. "మన తాతగారి గుర్తు అన్నయ్యా, పిల్లకి చూపించాలి కదా" అన్నాడు. ఇచ్చాను. వాడు దాన్ని చెక్కపెట్టెలో బిగించి ఓడలో తీసుకెళ్ళాడు. రెండోది నాకు మిగిలింది.

ఈ ఏడాది ఒక సోమవారం ఉదయం ఏడింటికి మరదలు సునీత ఫోన్ చేసింది.

"బావగారూ, మీ తమ్ముడు గుండిగ పగలగొడతారంట."

"ఎందుకమ్మా?"

"ఏదో కోర్సులో చేరారండి. బ్యాంకు ఉద్యోగం మానేసి భోజనాల వ్యాపారం పెడతారంట. వెనక్కి వెళ్ళే దారి లేకుండా చేసుకోవాలంట. వచ్చే నెల మొదటి శనివారం హాల్లో అందరి ముందు సుత్తితో కొట్టాలంట. చైనావాళ్ళ మాట ఏదో ఉందంట. నేను చెప్తే వినట్లేదు. మీరు చెబితే వింటారేమో."

ఫోన్‌లో చెప్తే వాడు వినడు. ఫోన్ పెట్టేస్తాడు, తర్వాత సిగ్నల్ లేదంటాడు. నేనే వెళ్ళాలనుకున్నాను. పాస్‌పోర్టు ఉంది. ఆరేళ్ళ కిందట వాడు టికెట్టు పంపుతానంటే తీయించాను గానీ, తమ్ముడు కొన్న టికెట్టు మీద అన్న ప్రయాణం చేయడం మా వంశంలో లేదు కాబట్టి వెళ్ళలేదు. ఈసారి నా డబ్బుతోనే వెళ్ళాను. ఆ డబ్బు ఎక్కడిదో చివర చెబుతాను.

వెళ్ళదలచినవారికి ఉపయోగపడతాయి గనక వివరాలు రాస్తున్నాను. వీసా ఏజెంటు ద్వారా తీసుకోవాలి. అక్కడ ఉండేవారి పత్రాలు కావాలంటే, శేషుకు తెలియకుండా సునీత పంపింది. వారంలో వచ్చింది. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఒక అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. మా ఏజెంటు దానికీ రెండు వందలు అడిగాడు. నేనివ్వలేదు.

బుధవారం సాయంత్రం నాలుగున్నరకు రాజమండ్రిలో మద్రాసు బండి ఎక్కాను. స్లీపర్ బెర్తు. అరటాకులో కట్టించుకున్న పులిహోర విజయవాడలో తిన్నాను. తెల్లారి ఆరింటికి చెన్నై. స్టేషన్‌లోనే స్నానం చేసి, ఇడ్లీ తిని, ఆటోలో విమానాశ్రయానికి వెళ్ళాను. ఆటో మూడు వందల యాభై. పది ఇరవైకి విమానం కదిలింది.

పక్క సీట్లో ఖైరున్నీసాగారని హైదరాబాదు ఆవిడ. సింగపూర్‌లో పాసిర్ రిస్ అనేచోట ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. భోజనం ట్రే వస్తే నేను వద్దన్నాను. ఆవిడ నా వైపు చూసి, "గుస్సల ఉన్నట్టున్నరు భాయ్‌సాబ్" అన్నారు.

"తమ్ముడి మీదండి."

"అయితే తినుండ్రి. అది ఇప్పట్ల దిగేది కాదు." కాసేపాగి తనే అన్నారు: "మా తమ్ముడు దుబాయ్‌ల ఉంటడు. పదకొండేండ్లాయె మాట్లాడక. ఎందుకు బంద్ చేసిన్నో యాది లేదు. బంద్ చేసిన్నని మాత్రం మంచిగ యాదుంది."

ట్రే వెనక్కి పిలిచి తిన్నాను. మనవాళ్ళు చేసే పప్పు కాదు గానీ వేడిగా ఉంది.

సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడి ఐదింటికి దిగాను. తమ్ముడి కూతురు మేఘన వచ్చింది. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. తమ్ముడికి నేను వస్తున్నట్టు ఆ ఉదయమే చెప్పారట.

"నాన్న ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు పెదనాన్నా. జస్ట్ వెంట్ టు టేక్ ఎ షవర్ లా." మాట చివర "లా" తగిలించడం అక్కడివాళ్ళ అలవాటు.

తమ్ముడి ఫ్లాట్ ఉన్న సెంగ్‌కాంగ్‌కు రైల్లో నాలుగు చోట్ల మారాలి: తానా మేరా, పాయ లేబార్, సెరంగూన్, చివర సెంగ్‌కాంగ్‌లోనే డ్రైవరు లేని చిన్న ఎల్‌ఆర్‌టీ బండి. కార్డు గీస్తే రెండు డాలర్ల పైచిలుకు. టాక్సీ అయితే పాతిక దాటుతుందని మేఘన చెప్పింది. రైల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. నాకు సీటు ఇవ్వడానికి ఒక అమ్మాయి లేస్తే, కూర్చోలేదు. నిలబడగలను.

ఫ్లాట్ పద్నాలుగో అంతస్తు. తలుపు తీయగానే నాకు కనిపించింది మా తాతగారి గుండిగ. గుమ్మం పక్కన, చెప్పుల బల్ల పక్కన ఉంది. అందులో నాలుగు గొడుగులు, ఒక బ్యాడ్మింటన్ బ్యాటు ఉన్నాయి.

నేను కాళ్ళు కడుక్కోకుండానే ఆ గొడుగులు ఒక్కొక్కటీ తీసి గోడకు ఆనించాను. బ్యాటు కూడా తీశాను. శేషు సోఫాలోంచి లేచి నిలబడి చూస్తున్నాడు. వాడికి నలభై తొమ్మిది. జుట్టు నాకన్నా ఎక్కువ తెల్లబడింది.

"ప్రయాణం బాగా జరిగిందా అన్నయ్యా?"

"చెప్పుల పక్కన పెట్టావు."

"అది బరువు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది."

ఫ్రిజ్ తలుపు మీద ఎర్రకాగితం అంటించి ఉంది. దాని మీద బంగారు రంగులో నాలుగు చైనా అక్షరాలు. కోర్సు నడిపే కోచ్ ఒక్కొక్కరికి ఒక్కో కాగితం ఇచ్చాడట. భోజనాల దగ్గర శేషు దాని అర్థం చెప్పాడు. వంటకుండలు పగలగొట్టి పడవలు ముంచెయ్యడం అట. ఎవరో సేనాపతి నది దాటాక అలా చేసి గెలిచాడట. మనిషికి వెనకదారి ఉన్నంతకాలం ముందుకు వెళ్ళడట.

"కుండలు, పడవలు" అన్నాను. "ఈ ప్రపంచంలో ఆ రెండూ పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే అది మనమే. నువ్వు కొత్తగా పోగొట్టేదేముంది?"

"అందుకే అన్నయ్యా. ఎన్నాళ్ళని మోస్తాం? పడవలుండేవి, సత్రముండేది, తహసీల్దారు నిలబడేవాడు. నేను రేపు జనానికి అన్నం అమ్మాలి. మా తాత అన్నం పెట్టేవాడు అనుకుంటూ కూర్చుంటే అమ్మగలనా?"

"అమ్ముకో. గుండిగ ఏం చేసింది?"

"బెస్ట్ ఆబ్జెక్ట్ అన్నాడు కోచ్. అయినా రెండోది నీ దగ్గర ఉంది కదా. దాన్ని చూసుకో."

నేను కంచంలోకి చూస్తూ అన్నం కలిపాను. సునీత మజ్జిగ పోసింది. "బావగారూ, ఇంకొంచెం అన్నం" అంది. వద్దన్నాను. చెయ్యి కడుక్కుని పడుకున్నాను.

శుక్రవారం ఉదయం ఏడున్నరకు మేఘన నన్ను బ్లాకు కింద ఉన్న కాఫీ షాపుకు తీసుకెళ్ళింది. తను కౌంటర్ దగ్గరికి వెళ్తే నేనొక ఖాళీ బల్ల చూసుకుని కూర్చున్నాను. బల్ల మీద టిష్యూ కాగితాల పొట్లం ఒకటి ఉంది. ఎవరో మరిచిపోయారనుకుని, అందులోంచి ఒకటి తీసి బల్ల తుడిచాను. ఇంతలో ఒక చైనీస్ ముసలాయన కాఫీ పట్టుకుని వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

మేఘన పరిగెత్తుకొచ్చింది. "పెదనాన్నా, అది చోప్ చేసిన టేబుల్. టిష్యూ పెట్టారంటే వాళ్ళదన్నట్టు. సారీ టాన్ అంకుల్."

టాన్ ఆ ఫ్లాట్లలోనే ఉంటారు, ఎనిమిదో అంతస్తులో. డెబ్భై ఎనిమిదేళ్ళు. బడిలో చైనీస్ చెప్పి రిటైరయ్యారు. "కూర్చో, కూర్చో" అన్నారు నాతో. "ఎలాగూ తుడిచేశావు కదా."

ఒక పొట్లం కాగితం పెట్టి బల్ల నాది అనుకోవడం నాకు నవ్వు తెప్పించాల్సింది. తెప్పించలేదు. కోపం ఇంకా అలాగే ఉంది. కాఫీ ఒక డాలరు నలభై సెంట్లు, కొబ్బరి జామ్ రాసిన రొట్టె రెండు డాలర్లు. కాఫీలో డబ్బాపాలు పోస్తారు, తియ్యగా ఉంటుంది. తాగుతూ, తమ్ముడు మర్నాడు కుండ పగలగొట్టబోతున్న సంగతి చెప్పి, ఆయన్ను ఆ నాలుగు అక్షరాల గురించి అడిగాను. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

"ఫో ఫు ఛెన్ జౌ" అన్నారు. "పగలగొట్టు, వంటపాత్ర, ముంచు, పడవ. పిల్లలకు ప్రైమరీలోనే చెప్తాం. పరీక్ష ముందు రోజు తల్లులు ఈ మాటే అంటారు, పాపం పిల్లలు భయపడతారు."

కథ రెండు వేల ఏళ్ళ పైనాటిది. ఛు రాజ్యపు సేనాపతి ఒకడు, పాతికేళ్ళవాడు. మిత్రుల కోట ఒకటి శత్రువుల ముట్టడిలో ఉంది. శత్రువులు లెక్కకు మించి ఉన్నారు. ఇతను సైన్యాన్నంతా నది దాటించాడు. దాటాక పడవలన్నీ ముంచమన్నాడు. వంటపాత్రలు పగలగొట్టమన్నాడు. గుడారాలు కాల్పించాడు. ఒక్కొక్కడి దగ్గర మూడు రోజుల తిండి మాత్రం ఉంచాడు. గెలిస్తే శత్రువుల కుండల్లో వండుకోవాలి, లేకపోతే లేదు. తొమ్మిదిసార్లు తలపడ్డారు. గెలిచారు.

"అయితే మా తమ్ముడు చెప్పింది నిజమే" అన్నాను.

"సగం." ఆయన రొట్టె ముక్క కాఫీలో ముంచారు. "జనం దీన్ని దిక్కులేనివాడి మాట అనుకుంటారు. కాదు. దిక్కులేనివాడు పగలగొట్టడానికి అతని దగ్గర కుండెక్కడుంది? అన్నీ ఉన్నవాడు, తనంతట తాను, తన చేత్తో దిక్కు లేకుండా చేసుకోవడం. అదీ దీని అర్థం. పడవలు వరదకు కొట్టుకుపోతే ఈ మాట వాడకూడదు. నా క్లాసులో అలా రాస్తే మార్కులు కోసేవాణ్ణి."

మేఘన తలవంచుకుని గ్లాసులో ఐసు తిప్పుతోంది. ఆ పిల్లకు తెలిసిన సంగతి నాకు అప్పటికి తెలియదు.

"కోచ్‌లు ఇక్కడితో ఆపుతారు" అన్నారు టాన్. "తర్వాతది చెప్తే ఫీజు రాదు లా. ఆ సేనాపతే కొన్నేళ్ళకు అంతా ఓడిపోయాడు. తరుముకొస్తుంటే పారిపోయి ఒక నది ఒడ్డుకు వచ్చాడు. అవతల అతని సొంత దేశం. ఆ రేవు చూసుకునే పెద్దమనిషి పడవ సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. ఎక్కండి, ఈ రేవులో పడవ నా ఒక్కడి దగ్గరే ఉంది, వెనక వచ్చేవాళ్ళు దాటలేరు అన్నాడు. ఇతను ఎక్కలేదు. ఎనిమిది వేల మంది కుర్రాళ్ళను నాతో ఈ నది దాటించాను, ఒక్కడూ తిరిగి రాలేదు, వాళ్ళ తండ్రులకు ఏ మొహంతో కనిపించను అన్నాడు. తన గుర్రాన్ని ఆ రేవు పెద్దకిచ్చి, ఒడ్డునే చచ్చిపోయాడు."

పడవలు ముంచిన మనిషి చివరికి ఒక్క పడవ ముందు నిలబడ్డాడు. ఆ పడవ పట్టుకున్నది మా తాతగారిలాంటి మనిషి.

"ఆ రేవు పెద్ద పేరేమిటి?" అని అడిగాను.

"పేరు రాయలేదు."

"తర్వాత ఏమయ్యాడు?"

"అదీ రాయలేదు. సేనాపతి గురించే రాస్తారు. పడవ నడిపేవాడి గురించి ఎవరు రాస్తారు?" అని, ఏదో గుర్తొచ్చినట్టు, "మీ కుండ దేంతో చేసింది?" అన్నారు.

"ఇత్తడి" అంది మేఘన.

ఆయన నవ్వారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. "రేపు చూస్తారుగా" అని టిష్యూ పొట్లం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం నేనొక్కణ్ణే ఊదారంగు లైన్ రైలెక్కి క్లార్క్ కీ దాకా వెళ్ళి నది చూశాను. సెంగ్‌కాంగ్ నుంచి మారక్కర్లేదు, అరగంట లోపే. గోదావరి చూసినవాళ్ళకు అది కాలువ. ఒకప్పుడు సరుకు మోసిన పడవల్లాంటివే రంగులు వేసి టూరిస్టుల కోసం తిప్పుతున్నారు. టికెట్టు ఇరవై డాలర్లకు పైనే. నేనెక్కలేదు. వీళ్ళు కూడా వంతెనలు కట్టారు, నాలుగడుగులకొకటి. అయినా పడవను ఉంచుకున్నారు. మా రేవులో ఒక్క చెక్క కూడా లేదు. ఒడ్డున కూర్చుని ఎవరి మీద కోప్పడాలో తెలియక, శేషు మీదే కోప్పడ్డాను. వాడైతే అందుబాటులో ఉన్నాడు.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు వ్యాన్ వచ్చింది. వాళ్ళు ముగ్గురూ రైల్లో వెళ్ళారు. సెరంగూన్‌లో మారితే వన్-నార్త్ స్టేషన్, హాలు దాని దగ్గరే. నేను వ్యాన్‌లో గుండిగ పక్కనే కూర్చున్నాను. డ్రైవరు తమిళాయన. అద్దంలోంచి చూసి, "కల్యాణమా సార్?" అని అడిగాడు. కాదన్నాను.

హాలు ఒక ఆఫీసు భవనం రెండో అంతస్తు. కార్పెట్, చల్లటి ఏసీ, ముప్పై మంది దాకా జనం, ముందు చిన్న వేదిక. నేల పాడవకుండా రబ్బరు పట్టా పరిచారు. ఒకడు తన పాత ఆఫీసు ఇచ్చిన గాజు షీల్డు తెచ్చాడు, ఒకామె ల్యాప్‌టాప్ తెచ్చింది, ఇంకొకడు పింగాణీ కప్పు తెచ్చాడు. కంపెనీ పేరున్న కప్పది. సుత్తి దెబ్బకు ఒక్కొక్కటీ ముక్కలవుతుంటే చప్పట్లు కొట్టారు. కోచ్ బిగుతు సూటులో నవ్వుతూ, "నో బోట్స్" అంటాడు. వాళ్ళంతా "నో బోట్స్" అంటారు. పడవ తాడు ఒక్కసారైనా చేత్తో పట్టుకోని మనుషులు.

పదీ నలభైకి మా వంతు. ఇద్దరు గుండిగను పట్టా మీద పెట్టారు. శేషు పెద్ద సుత్తి తీసుకున్నాడు. నేను వేదిక మీదికి నడిచి, గుండిగ అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. కోచ్ ఏదో అన్నాడు. నేను వినిపించుకోలేదు.

"చెయ్యి తియ్యి అన్నయ్యా."

"ఇది నీ ఒక్కడిది కాదు. తాతగారిది. కొట్టాలంటే నా చేతి మీద కొట్టు."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. కోటిరేవు వాళ్ళు అందరూ చూస్తుండగా పని చేసి అలవాటున్నవాళ్ళే. నీకు బంగారంలాంటి ఉద్యోగముంది. నువ్వే మానుకున్నావు. ఆ పొగరుకు సత్రం కుండ దేనికి?"

వాడు సుత్తి దించాడు. చాలా నెమ్మదిగా, ఆ హాల్లో మా నలుగురికే అర్థమయ్యే తెలుగులో అన్నాడు:

"మానలేదు. తీసేశారు. ఏడు నెలలైంది. సునీతకీ, మేఘనకీ తెలుసు. నీకు చెప్పొద్దన్నాను. వీళ్ళందరికీ నేనే మానేశానని చెప్పాను. నేనే మానేసినట్టు ఒక్కసారి, ఒక్కచోట కనిపించనియ్యి అన్నయ్యా."

టాన్ మాట గుర్తొచ్చింది. వరదకు పోయిన పడవలకు ఈ మాట వాడకూడదు. దాని వెనకే మా ఇంటి మాటా గుర్తొచ్చింది: తాతగారే పడవలు ఆపేశారు. మా ఇంట్లో ఎవరికీ ఏదీ జరగదు. అన్నీ మేమే చేసుకున్నట్టు చెప్పుకుంటాం. నాకు వాడి మీద కోపం తగ్గలేదు. కానీ చెయ్యి తీశాను.

వాడు సుత్తి ఎత్తి కొట్టాడు.

గుండిగ మోగింది. ఆ మోత హాలంతా తిరిగి, జనం చెవులు మూసుకున్నారు. సుత్తి ఎగిరి వాడి భుజం దాకా వచ్చింది. గుండిగకు చిన్న సొట్ట పడింది, అంతే. రెండోసారి కొట్టాడు. ఇంకో సొట్ట. ఎవరో నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. టాన్ ఎందుకు నవ్వారో అప్పుడు అర్థమైంది. ఇత్తడి వంగుతుంది, సొట్టపోతుంది, పగలదు. ఏ వంటవాడిని అడిగినా చెబుతాడు. దాన్ని మూడేళ్ళు ఇంట్లో పెట్టుకున్న వాడికి తట్టలేదు. దాన్ని కాపాడడానికి సముద్రం దాటి వచ్చిన నాకూ తట్టలేదు. మా ఇంట్లో గుండిగను పొయ్యి మీద నుంచి దించినవాళ్ళూ, తోమినవాళ్ళూ మేము కాదు.

మూడో దెబ్బ అంచు కింద పడింది. యాభై ఏళ్ళు దాటిన నల్లరంగు పెచ్చులుగా లేచి పట్టా మీద రాలింది. రంగు లేచినచోట పచ్చగా ఇత్తడి, దాని మీద చుక్కలు. మన పాత్రల మీద పేర్లు కొట్టించే చుక్కలే. నేను వంగి బొటనవేలి గోటితో గీకాను. పెచ్చులు తేలిగ్గా వచ్చాయి. శేషు సుత్తి కింద పెట్టి రెండోవైపు నుంచి గీకాడు. కోచ్ వాచీ చూసుకుంటున్నాడు.

"వాట్ డజ్ ఇట్ సే, పెదనాన్నా?" అంది మేఘన. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు.

పైకి చదివాను. "కోటిరేవు సత్రమునకు పడవల సరంగులు, కళాసులు తమ కూలిలో పోగుచేసి చేయించి యిచ్చినది." పడవలు నడిపినవాళ్ళు, వాటిలో పనిచేసిన కూలీలు అని మేఘనకు చెప్పాను.

మా తాతగారి పేరు లేదు. ముత్తాతగారి పేరూ లేదు. గుండిగ చుట్టూ తిరిగి చూశాను. ఎక్కడా లేదు.

శేషు పట్టా మీదే కూర్చున్నాడు. "ఇత్తడికి తుప్పేమిటి అన్నయ్యా" అన్నాడు. "నాన్న దేనికి వేయించాడు రంగు?"

ఆ ప్రశ్న నేను పదేళ్ళప్పుడే అడిగి ఉండాల్సింది. సత్రం మూసినప్పుడు పాత్రలు ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేదు. ఇంటికి తెచ్చి, ఆ రాత కనబడకుండా రంగు పులిమారు. ఆ ఇంటి పరువును వీపు మీద మోస్తూ నేను నిటారుగా నడిచాను. నది ఒడ్డున ఎవరి మీద కోప్పడాలో తెలియలేదన్నాను కదా. నాన్న పోయి పంతొమ్మిదేళ్ళు. ఆయన అందుబాటులో లేరు.

"పగలకపోతే ఫర్వాలేదు, సింబాలిక్" అన్నాడు కోచ్. శేషు లేచి, పొద్దున ఫ్రిజ్ మీంచి ఊడదీసి తెచ్చిన ఎర్రకాగితం జేబులోంచి తీసి వాడి చేతిలోనే పెట్టాడు. మేము నలుగురం గుండిగను పట్టుకుని లిఫ్టు దాకా మోశాం. నా జీవితంలో దాన్ని మోయడం అదే మొదలు. చెవి అంచు అరచేతిలో కోసుకుంటుంది.

ఆదివారం ఉదయం టాన్‌కు చెప్పాను. ఆయన నవ్వలేదు. "మీ కథలో పడవవాళ్ళు రాసుకున్నారు" అన్నారు. "మంచిది."

తిరుగు ప్రయాణం ఆ మధ్యాహ్నమే. ఈసారి శేషు విమానాశ్రయానికి వచ్చాడు. రైల్లో నాలుగు చోట్లా నా సంచీ వాడే మోశాడు. సీటు ఇస్తే కూర్చున్నాను. సరంగుల మనవలు ఇంకా రేవు పక్క పాలెంలోనే ఉన్నారు. ఒకడు నా దగ్గర చదువుకున్నాడు కూడా. గుండిగను ఓడలో వాళ్ళకు పంపేస్తానని, ఆ తర్వాత వ్యాపారానికి అల్యూమినియం పాత్రలు కొనుక్కుంటానని శేషు చెప్పాడు. ఉద్యోగం పోయిందని అందరికీ చెప్పేస్తానన్నాడు. చెప్పమన్నాను.

గేటు దగ్గర వాడు నా కాళ్ళకు దండం పెట్టి లేస్తూ, "వెళ్ళగానే రెండోదాని రంగు గీకి చూడు అన్నయ్యా. దాని మీదా రాసే ఉంటుంది. రెండూ కలిపే ఇచ్చేద్దాం" అన్నాడు.

"చూస్తాను" అన్నాను.

సింగపూర్ శుభ్రమైన ఊరు. రైళ్ళు వేళకు వస్తాయి. తిండికి రోజుకు పదిహేను డాలర్లు చాలు. వెళ్ళినప్పుడు పాత సంగతులు మాట్లాడే మనిషి దొరికితే కాఫీ ఇప్పించి కూర్చోండి. ఆ నాలుగు అక్షరాల కథలో సేనాపతి తన కుండలు, తన పడవలు మాత్రమే పోగొట్టుకున్నాడు. నేను ఆ కథ వినేనాటికే నా పని నేను చేసుకుని ఉన్నాను. అది చేసే హక్కు నాకు లేదని అప్పటికి తెలియదు. టికెట్టు డబ్బు ఎక్కడిదో చివర చెబుతానన్నాను.

రెండో గుండిగను, నేను బయలుదేరడానికి పద్దెనిమిది రోజుల ముందు, రాజమండ్రిలో పాతసామాన్ల కొట్టులో తూకానికి అమ్మాను. నలభై ఆరు కిలోలు తూగింది. రంగు తరుగు కింద ఒక కిలో తీసేశారు.